కారు కింద టకటకమంటోందా చెల్లీ?

ఏమ్మా చెల్లీ, మీ పాత ఐ10 గతుకు తగిలినప్పుడల్లా కింద టకటకమంటోందని దిగులు పడుతున్నావటగా! "ముసలి బండి, అమ్మేసెయ్" అనేవాళ్ల మాట పక్కన పెట్టు. ఇంజన్ బాగున్న కారుని సస్పెన్షన్ అరిగిందని వదిలేసుకుంటామా? అలాగని షెడ్డుకెళ్లి "అన్నీ మార్చెయ్ అన్నా" అని కూడా అనకు. శబ్దం ఎప్పుడొస్తోందో ముందు నువ్వే గమనించుకో.

చిన్న చిన్న గతుకులకే టకటకమంటే చాలాసార్లు లింక్ రాడ్ పనే. పెద్ద ఖర్చు కాదు. బండి ఆగి ఉండగా స్టీరింగ్ తిప్పితే కిర్రుమంటోందా, పైనున్న స్ట్రట్ మౌంట్ చూడమను. బ్రేక్ వెయ్యగానే పక్కకి లాగుతుంటే బ్రేకులతో పాటు లోయర్ ఆర్మ్ బుష్‌లు కూడా చూడాలి. షాకర్ల సంగతంటావా, కారు ముందు మూల మీద చెయ్యేసి గట్టిగా నొక్కి వదులు. ఒకసారి లేచి కుదురుకోవాలి. అలా కాక ఊగుతూనే ఉన్నా, షాకర్ చుట్టూ నూనె కారి దుమ్ము పట్టి ఉన్నా, ఇక మార్చాల్సిందే. మార్చేటప్పుడు ముందువి రెండూ, లేదా వెనకవి రెండూ జతగా మార్పించు. ఒకటి కొత్తది, ఒకటి పాతదైతే బ్రేక్ వేసినా, మలుపు తిరిగినా బండి ఒక తీరుగా ఉండదు.

డబ్బు సర్దుబాటు కాకపోతే లింక్ రాడ్ కొన్నాళ్లు ఆగుతుందేమోగానీ, బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్ లూజైతే ఒక్కరోజు కూడా ఆగొద్దు. బాల్ జాయింట్ ఊడిందంటే చక్రం పక్కకి ఒరిగిపోతుంది, బండి మన చేతిలో ఉండదు. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండి కదమ్మా! జాకీ మీద లేపించి, స్టాండ్ పెట్టించి చూపించమను. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని కదిపితే ఆడుతోందంటే బాల్ జాయింటో, బేరింగో. ఎడమా కుడీ పట్టుకుని కదిపితే ఆడుతోందంటే ముందు టై రాడ్ ఎండ్ చూడాలి.

చాలా షెడ్లలో పట్టించుకోని సంగతి ఒకటుంది. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టుల్ని చక్రాలు గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. అలా బిగిస్తే బండి కిందికి దించగానే లోపలి రబ్బరు తడిబట్ట పిండినట్టు మెలితిరిగి, ఎప్పుడూ ఆ ఒత్తిడిలోనే ఉంటుంది. కొత్త బుష్ కూడా తొందరగా చిరిగిపోతుంది. బరువు చక్రాల మీద పడ్డాకే ఆఖరి బిగింపు. ఈ మాట మొహమాటపడకుండా అడుగు.

అలైన్‌మెంట్ అన్నిటికన్నా చివర చేయించు. అరిగిన జాయింట్లు అలాగే ఉంచి చేయిస్తే ఆ డబ్బు వృథా, టైర్లూ ఒకవైపే అరిగిపోతాయి. తీసేసిన పాత సామాన్లు నీ చేతికిమ్మను, చిరిగిన రబ్బరు నీ కళ్లతో చూడు. కారు మనది, ప్రాణాలు మనవి. అడగడానికి సిగ్గుపడకు చెల్లీ.