స్నానాల తొట్టిలో బొమ్మ: వేలూరు తీర్పు నుంచి ఐఎస్ఐ గుర్తు దాకా

ఈ పాఠం ఎవరికి?

టెట్, డీఎస్సీ, అంగన్‌వాడీ సూపర్‌వైజర్, స్టాఫ్ నర్సు పరీక్షలకు చదివేవాళ్ళకు ‘బొమ్మల భద్రత’ అనే అధ్యాయం ఏ పుస్తకంలోనూ విడిగా కనిపించదు. కానీ దాని ముక్కలు అన్ని సబ్జెక్టుల్లోనూ ఉన్నాయి. శిశు వికాసంలో పియాజే, పాలిటీలో ముందుజాగ్రత్త సూత్రం, జనరల్ సైన్స్‌లో ప్లాస్టిక్కులు, కరెంట్ అఫైర్స్‌లో బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు వస్తాయి. వీటన్నిటినీ ఒక్క వస్తువు చుట్టూ తిప్పి చదివితే గుర్తుంటాయి. పసిపిల్లలకు నీళ్ళుపోసేటప్పుడు చేతికిచ్చే బొమ్మే ఆ వస్తువు. మన పాత తెలుగువాళ్ళు రాయవేలూరు అని పిలిచే వేలూరును, పలమనేరు దారిలో సరిహద్దు దాటగానే తగిలే గుడియాత్తాన్ని నేపథ్యంగా తీసుకుందాం. కారణం ఊరిమీద అభిమానం ఒక్కటే కాదు. ఈ పాఠానికి ఆధారమైన న్యాయసూత్రం మనదేశంలో స్థిరపడింది వేలూరు పేరుమీదే.

వేలూరు కేసులో ఏం తేలింది?

పాలారు పరీవాహకంలోని తోళ్ళ శుద్ధి కర్మాగారాలు వదిలే మురుగు నీటినీ నేలనూ పాడుచేస్తోందని వేలూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1996 ఆగస్టు 28న జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం తీర్పు చెప్పింది. అప్పటి ఉత్తర ఆర్కాటు అంబేడ్కర్ జిల్లాతో కలిపి అయిదు జిల్లాల తోళ్ళ కర్మాగారాలకు తలా 10,000 రూపాయల జరిమానా పడింది. అయితే పరీక్షలో అడిగేది జరిమానా కాదు. ‘ముందుజాగ్రత్త సూత్రం’, ‘కాలుష్యం చేసినవాడే చెల్లించాలి’ అనే రెండూ ఈ దేశపు పర్యావరణ చట్టంలో భాగమేనని కోర్టు ప్రకటించింది. 21, 47, 48ఎ, 51ఎ(జి) అధికరణలను ఆధారంగా చూపింది.

ముందుజాగ్రత్త సూత్రానికి కోర్టు మూడు అంగాలు చెప్పింది. హానిని ముందే ఊహించి ఆపాలి. శాస్త్రీయంగా పూర్తిగా రుజువు కాలేదన్న సాకుతో చర్యలు వాయిదా వేయకూడదు. హాని లేదని నిరూపించే భారం ఆ పని చేసేవాడిదే. ఈ మూడో అంగం దగ్గర కాసేపు ఆగండి. బొమ్మ కొనే తల్లి దాన్ని ప్రయోగశాలకు పంపి విషముందో లేదో తేల్చుకోలేదు. తేల్చాల్సింది చేసి అమ్మేవాడు. తప్పనిసరి ఐఎస్ఐ గుర్తు వెనకున్న తర్కం కూడా ఇదేనని నా అభిప్రాయం. చట్టాలు వేరు, ఆలోచన ఒకటే.

బొమ్మల మీద చట్టం

బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వును 2020 ఫిబ్రవరి 25న కేంద్ర పరిశ్రమల, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక శాఖ (డీపీఐఐటీ) జారీ చేసింది. అమల్లోకి వచ్చింది 2021 జనవరి 1న. ఈ రెండు తేదీలనూ కలగాపులగం చేసి ప్రశ్నలిస్తారు, జాగ్రత్త. దీనికి మూలం 2016 నాటి భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) చట్టం. 14 ఏళ్ళ లోపు పిల్లలు ఆడుకోవడానికి చేసిన బొమ్మలన్నిటికీ వర్తిస్తుంది. విద్యుత్తుతో నడవని వాటికి ఐఎస్ 9873, విద్యుత్తు బొమ్మలకు ఐఎస్ 15644. మొదటిదాంట్లో భాగాలు చాలానే ఉన్నాయి. 1వ భాగం భౌతిక, యాంత్రిక భద్రత, 2వది మంటల భయం, 3వది సీసం లాంటి మూలకాలు, 9వది థాలేట్లు. స్నానం బొమ్మకు 1, 3, 9 భాగాలు ప్రాణం లాంటివి. ఉల్లంఘిస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా మొదటిసారి కనీసం 2 లక్షలు, తర్వాత కనీసం 5 లక్షల రూపాయల జరిమానా, లేదా రెండూ.

దిగుమతి సుంకం కూడా అడుగుతారు. 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70 శాతానికి పెంచారు.

నోట్లోకి వెళ్ళేవి

మూడేళ్ళలోపు పిల్లలకు ఇచ్చే బొమ్మలో గొంతుకు అడ్డంపడే ముక్క ఉండకూడదు. దీన్ని తేల్చడానికి ప్రమాణాల్లో ఒక చిన్న గొట్టం ఉంది. వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. లోతు ఏటవాలుగా 25.4 నుంచి 57.1 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. పసివాడి గొంతును అంచనా వేసి చేసిన కొలత అది. ఏ ముక్కయినా నొక్కకుండానే అందులో పూర్తిగా ఇమిడిపోతే ఆ బొమ్మ మూడేళ్ళలోపు వాళ్ళకు పనికిరాదు. కీచుబొమ్మ అడుగున ఊడివచ్చే పీక, గోడకు అంటించే రబ్బరు కప్పు, చేపకు అతికించిన కన్ను ఇలా దొరికిపోయేవే.

రెండోది థాలేట్లు. పీవీసీ సహజంగా గట్టిగా ఉంటుంది. పిండితే మెత్తగా నలగడానికి వీటిని కలుపుతారు. ఇవి ప్లాస్టిక్కుకు రసాయనికంగా అతుక్కుని ఉండవు కాబట్టి వేడికీ ఉమ్మికీ మెల్లగా బయటికొస్తాయి. హార్మోన్ల పనిలో జోక్యం చేసుకుంటాయన్నదే అభ్యంతరం. యూరప్‌లో, అమెరికాలో డీఈహెచ్‌పీ, డీబీపీ, బీబీపీ లాంటి థాలేట్లు బొమ్మలోని మెత్తటి ప్లాస్టిక్కు బరువులో 0.1 శాతం మించకూడదు. కొత్త బొమ్మ సంచి విప్పగానే ఘాటైన వాసన కొట్టినా, కొన్నాళ్ళకు చేతికి జిగురుగా తగిలినా దాన్ని వదిలేయడం మంచిది. అడుగున త్రికోణంలో 3 అంకె ఉంటే పీవీసీ, 5 ఉంటే పాలీప్రొపిలీన్.

మూడోది సీసం. రంగులోంచి కరిగి బయటికొచ్చే సీసానికి ప్రమాణాల్లో పరిమితి కిలోకు 90 మిల్లీగ్రాములు. రక్తంలో ఇంత సీసం ఉన్నా ఫరవాలేదు అనే మట్టమే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ పరిశోధకులు ఎనిమిది దేశాల మాల్-ఎడ్ అధ్యయనంలో భాగంగా ఊళ్ళోని పేదవాడల పిల్లలను పుట్టుక నుంచీ గమనిస్తూ వచ్చారు. కలుషిత నీటితో వచ్చే పేగుల ఇన్ఫెక్షన్లు, ఎదుగుదల ప్రధానాంశాలు. రక్తంలో సీసాన్ని కూడా కొలిచారు. సీసం అనేక దారుల్లో ఒంట్లో చేరుతుంది, బొమ్మ అందులో ఒకటి. మనం మూయగల దారి కాబట్టి దాన్ని మూయాలి.

అసలు చిక్కు చిల్లుతోనే

ఎక్కువమంది పట్టించుకోనిది ఇది. పిండితే నీళ్ళు చిమ్మే రబ్బరు బాతు కింద ఒక చిల్లు ఉంటుంది. నీళ్ళు లోపలికి తేలిగ్గా పోతాయి, పూర్తిగా బయటికి రావు. 2018లో స్విట్జర్లాండ్ జల పరిశోధన సంస్థ ఈవాగ్ శాస్త్రవేత్తలు మరికొందరితో కలిసి, ఇళ్ళల్లో వాడిన స్నానం బొమ్మలను కోసి లోపల చూశారు. లోపలి గోడమీద చదరపు సెంటీమీటరుకు 50 లక్షల నుంచి 7.5 కోట్ల దాకా సూక్ష్మజీవులు కనిపించాయి. 58 శాతం బొమ్మల్లో బూజు ఉంది. 80 శాతం బొమ్మల్లో లీజియోనెల్లా, సూడోమోనాస్ ఎరుగినోసా లాంటి, జబ్బు చేయగల బ్యాక్టీరియా దొరికింది.

ఎలా పెరుగుతాయన్నది సైన్సు ప్రశ్న. మెత్తటి నాసిరకం ప్లాస్టిక్కు నీళ్ళలోకి కర్బన పదార్థాలను వదులుతుంది. అవే సూక్ష్మజీవులకు తిండి. మిగతా నత్రజని, భాస్వరం పిల్లవాడి చెమట, మూత్రం, సబ్బు నుంచి అందుతాయి. ఇలా పొరగా పేరుకున్న దాన్ని జీవపొర అంటారు. ఆ బొమ్మను పిండి మొహం మీద చిమ్ముకుంటే ఆ పొర ముక్కలు కంట్లో, చెవిలో, నోట్లో పడతాయి. ప్రతి బాతూ జబ్బు తెస్తుందని ఆ శాస్త్రవేత్తలూ అనలేదు. కానీ వేలూరు తీర్పు చదివినవాళ్ళం రుజువు కోసం కూర్చోనక్కర్లేదు. చిల్లు లేని బొమ్మ అదే ధరకు దొరుకుతున్నప్పుడు చిల్లున్నది కొనడానికి నాకు ఒక్క కారణమూ తోచదు.

ఇక్కడో సరదా సంగతి. 1992 జనవరి 10న పసిఫిక్‌లో ఎవర్ లారెల్ అనే ఓడ నుంచి ఒక కంటైనర్ పడిపోయి, 28,800 స్నానం బొమ్మలు సముద్రం పాలయ్యాయి. పసుపు బాతులు, ఎర్ర బీవర్లు, నీలి తాబేళ్ళు, ఆకుపచ్చ కప్పలు. ఏళ్ళ తరబడి తేలుతూ తీరాలకు చేరిన వాటిని బట్టి కర్టిస్ ఎబ్స్‌మేయర్ అనే శాస్త్రవేత్త సముద్ర ప్రవాహాలను లెక్కగట్టాడు. అవి మునగకపోవడానికి కారణం వాటికి చిల్లు లేకపోవడమే.

ఇంట్లో ఇప్పటికే చిల్లు బొమ్మ ఉంటే జిగురుతో మూయకండి. ఊడిన జిగురు ముక్క గొంతుకు ప్రమాదం. లోపల నల్లగా కనిపిస్తే చెత్తబుట్టలోకే. ఏ బొమ్మయినా స్నానం అయ్యాక నీళ్ళు కార్చి ఎండలో ఆరబెట్టాలి. ఎండకు వేలూరులో కరువు లేదు.

బొమ్మ కంటే బకెట్టు ప్రమాదం

విదేశీ సలహాలన్నీ బాత్‌టబ్ గురించి. మన ఇళ్ళల్లో ఉండేది బకెట్టు, ప్లాస్టిక్ డ్రమ్ము, నీటి ఎద్దడి వల్ల తవ్వుకున్న సంపు. తప్పటడుగుల పిల్లవాడికి తల బరువెక్కువ. బకెట్లోకి వంగి పడితే తిరిగి లేవలేడు. రెండు అంగుళాల నీళ్ళు చాలు, చప్పుడు కూడా రాదు. నీళ్ళలో తేలుతూ వదిలేసిన రంగుల బొమ్మ వాడిని అటు పిలుస్తుంది. అందుకే స్నానం అవగానే ముందు బొమ్మలు తీయాలి, తర్వాత నీళ్ళు పారబోయాలి, బకెట్టు బోర్లించాలి. సంపు మూతకు గడియ ఉండాలి. తొట్టిలో కూర్చోబెట్టే రింగు కుర్చీ పట్టు కోసమే తప్ప కాపలా కోసం కాదు. ఫోను మోగినా పిల్లను ఎత్తుకునే కదలాలి.

నీళ్ళు కాచే రాడ్డు బకెట్లో ఉండగా పిల్లను స్నానాల గదిలోకి రానివ్వకండి. ప్లగ్గు తీశాకే నీళ్ళు ముట్టాలి. ముందు చన్నీళ్ళు, తర్వాత వేడినీళ్ళు కలిపి మోచేత్తో చూడాలి. 37, 38 డిగ్రీలు చాలు.

వెలుగులు చిమ్మే బొమ్మల్లో బిళ్ళ బ్యాటరీ ఉంటుంది. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. అనుమానం వచ్చినా సరే, వెంటనే ఆసుపత్రికే.

ఏ వయసుకు ఏ ఆట?

పియాజే చెప్పిన ఇంద్రియ చాలక దశ పుట్టుక నుంచి రెండేళ్ళ దాకా. ఆర్నెల్ల లోపు బిడ్డకు బొమ్మ అవసరమే లేదు. కాళ్ళమీద పడుకోబెట్టి నీళ్ళుపోసే అమ్మమ్మ మొహం, ఆమె మాటలూ చాలు. 4 నుంచి 8 నెలల మధ్య నీళ్ళను చేత్తో కొట్టి, చిందితే నవ్వి, మళ్ళీ కొడతారు. ద్వితీయ వృత్తాకార ప్రతిచర్య అంటే ఇదే. 8 నెలలు దాటాక నురగ కింద దాగిన గిన్నె కోసం వెతికితే వస్తు స్థిరత్వ భావన మొదలైనట్టు. 12 నుంచి 18 నెలల్లో అదే గ్లాసును పైనుంచి, పక్కనుంచి, తలకిందులుగా వేసి ఏమవుతుందో చూస్తారు. అది తృతీయ వృత్తాకార ప్రతిచర్య. సన్న గ్లాసులోంచి వెడల్పు గిన్నెలోకి పోసినా నీళ్ళు అంతే ఉన్నాయన్న పదిలపరచుకునే భావన మాత్రం ఏడేళ్ళ వయసుకు గానీ రాదు. నాలుగేళ్ళవాడిని ఆ విషయంలో కోప్పడి లాభం లేదు.

ఈ వికాసమంతటికీ కావాల్సింది పోయడం, వడకట్టడం, ముంచడం, తేల్చడం. ఉగ్గుగిన్నె, అంచు మడిచిన స్టీలు గ్లాసు, చిల్లుల ప్లాస్టిక్ కప్పు, గరాటు ఈ పనులన్నీ చేస్తాయి. వాటిలో నీళ్ళు దాగవు, తోమితే శుభ్రమవుతాయి. నా లెక్కలో ఉగ్గుగిన్నె ముందు రబ్బరు బాతు ఓడిపోయినట్టే.

గట్టి ప్లాస్టిక్కు మొన నిటారుగా ఉన్నది మాత్రం వద్దు. 2023 జూన్‌లో అమెరికాలో 75 లక్షల షార్క్ స్నానం బొమ్మలను వెనక్కి పిలిపించారు. పిల్లలు జారి దాని గట్టి రెక్కమీద పడి గాయపడటమే కారణం.

పరీక్షలో తికమక పెట్టేవి

ఏటికొప్పాక, కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు కింద అధీకృతులైన తయారీదారులకూ, హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకూ తప్పనిసరి ఐఎస్ఐ గుర్తు నుంచి మినహాయింపు ఉంది. అంకుడు కర్రమీద లక్క, సహజ రంగులు ఏటికొప్పాక ప్రత్యేకత. ఆ కళకు చెందిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. కొండపల్లివి తెల్లపొణికి కర్రతో చేస్తారు. చేతివృత్తి బతకాలని ఇచ్చిన మినహాయింపు అది. తొట్టిలో వేయమని ఇచ్చిన అనుమతి కాదు. కర్ర నానితే ఉబ్బుతుంది, వేడినీళ్ళకు లక్క నిలవదు. వాటి చోటు గూట్లో, గదిలో.

ఇంకొకటి: బొమ్మమీద సీఈ గుర్తు ఉంటే మన చట్టానికి సరిపోతుందా? సరిపోదు. అది యూరప్ గుర్తు.

అంగట్లో నిలబడినప్పుడు

వేలూరు లాంగ్ బజార్ అయినా, గుడియాత్తం గంగమ్మ శిరస్సు తిరునాళ్ళలో రోడ్డుపక్క దుకాణం అయినా చూడాల్సింది ఒకటే. డబ్బామీద ఐఎస్ఐ గుర్తు, దాని పైన ఐఎస్ 9873, కింద సీఎం/ఎల్ తో మొదలయ్యే లైసెన్సు అంకె ఉన్నాయా అని. ఆ అంకెను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు పేరు వస్తుంది. గుట్టగా పోసి అమ్మే విడి బొమ్మల్లో ఇవేవీ ఉండవు. ధర పది రూపాయలే కావచ్చు, కానీ వాటిని తొట్టిలోకి తేకండి. ఐఎస్ఐ గుర్తు ఉన్నా దాన్ని తిప్పి అడుగున చిల్లు చూసుకోండి. చిల్లు లోపల బూజు పట్టే సంగతికి ఆ గుర్తు పూచీ పడదు.

గుర్తు దొంగదని తేలితే బిల్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆ బొమ్మను మాత్రం మళ్ళీ పిల్లల చేతికి ఇవ్వకండి.