అద్దె కోసం ఇల్లు కొనేముందు

చి. స్రవంతికి,

ఫ్లాటు కొని అద్దెకివ్వాలనుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. నువ్వు పంపిన బ్రోచరు చూశాను. క్లబ్‌హౌసు, ఈతకొలను, ఇరవయ్యో అంతస్తు నుంచి ఊరంతా కనపడే బాల్కనీ. బొమ్మలు బ్రహ్మాండంగా ఉన్నాయి గానీ, నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయో ఒక్క ముక్క రాయలేదు.

ముందు లెక్క తేల్చుకో. ఫ్లాటు 80 లక్షలు అనుకుందాం. తెలంగాణలో రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం దాకా పోతుంది, అంటే ఇంకో 6 లక్షలు. ఇల్లు ఇంకా కడుతూంటే జీఎస్టీ అదనం. 60 లక్షల లోను ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవయ్యేళ్ళకు తీసుకుంటే నెలకి 52 వేలు కట్టాలి. అద్దె 22 వేలు వచ్చిందే అనుకో, మిగతా 30 వేలు నీ జీతంలోంచి తియ్యాలి. ‘అద్దెతో ఈఎంఐ వెళ్ళిపోతుంది మేడం’ అన్న ఆ సేల్స్ కుర్రాణ్ణి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించమను.

లోను తీసుకుంటే టాక్సు మిగులుతుందని ఆఫీసులో చెప్పేవాళ్ళూ ఉంటారు. పాత పద్ధతిలో ఇంటిమీద వచ్చిన నష్టాన్ని ఏడాదికి 2 లక్షల దాకా జీతంలో తగ్గించుకోవచ్చు. కొత్త పద్ధతిలో ఆ వీలు లేదు. నువ్వు ఏ పద్ధతిలో ఉన్నావో చూసుకుని మరీ మాట్లాడు.

నన్నడిగితే దానికి బదులు మియాపూర్‌లో మెట్రోకి నడిచి వెళ్ళేంత దూరంలో, పాతదైనా సరే, 50 లక్షల్లో రెండు బెడ్‌రూముల ఫ్లాటు చూడమంటాను. అద్దె 18 వేలు వచ్చినా పెట్టిన డబ్బుకి అదే మెరుగు. నెలనెలా కట్టేదీ తగ్గుతుంది. అక్కడ కాపురం ఉండేది నువ్వు కాదు కాబట్టి నీకు నచ్చిందా లేదా అన్నది పక్కనపెట్టి, అద్దెకొచ్చేవాళ్ళు ఏం చూస్తారో అది చూడు. బాల్కనీలోంచి ఊరు కనిపిస్తుందని ఎవరూ నెలకి వెయ్యి ఎక్కువివ్వరు. మీ పిన్నిని తీసుకెళ్ళు. ఆవిడ హాలువైపు కన్నెత్తి చూడదు, నేరుగా వంటింట్లోకెళ్ళి గిన్నెలు తోమే జాగా, బట్టలారేసుకునే చోటు చూస్తుంది. ఇల్లు చూడ్డానికొచ్చే ఆడవాళ్ళు అడిగేవీ అవే.

ఇక నీళ్ళ సంగతి. వీలైతే మే నెలలో చూడు. పొద్దున్నే వెళ్ళి వాచ్‌మన్‌తో మాట కలుపు. మంజీరా కనెక్షనుందా, బోరొక్కటేనా? ట్యాంకర్లు రోజుకెన్ని వస్తున్నాయి? వాటి డబ్బు మెయింటెనెన్సులోనే ఉందా, విడిగా వసూలు చేస్తారా? నిజాంపేట, మాదాపూర్ వైపు ఎండాకాలమంతా ట్యాంకర్ల మీదే గడిచే అపార్టుమెంట్లు చాలా ఉన్నాయి. మెయింటెనెన్సు బిల్లు అద్దెలో నాలుగో వంతుకి పెరిగితే ఇల్లు వెతుక్కునేవాడు పక్క బిల్డింగుకి పోతాడు. వానలు పడ్డాక ఇంకోసారి వెళ్ళి బాత్‌రూము వెనక గోడ తడిమి చూడు.

కొత్తదే కొనాలనుకున్నా, ప్రీలాంచ్ అనే మాట వింటే లేచి వచ్చెయ్. 500 చదరపు మీటర్ల స్థలం గానీ ఎనిమిది ఫ్లాట్లు గానీ దాటిన ప్రాజెక్టుని రెరాలో నమోదు చెయ్యకుండా అమ్మకానికి పెట్టడమే చట్టవిరుద్ధం.

అద్దెకిచ్చేటప్పుడు ‘మీరేమిట్లు?’ అని అడిగే రకం ఓనరువి కాకు. మన ఊళ్ళో చదువుకున్నవాళ్ళు కూడా ఇది సిగ్గులేకుండా అడుగుతారు. ముస్లింలకివ్వం, బ్యాచిలర్లకివ్వం అంటూ మూడు నెలలు టు-లెట్ బోర్డు వేలాడదీసి, ఆ తర్వాత గిరాకీ లేదని వాపోతారు. ఉద్యోగం ఎక్కడో, ఇదివరకు ఎక్కడున్నారో, ఆ ఓనరు ఫోన్ నంబరేమిటో కనుక్కో, చాలు.

అగ్రిమెంటు మామూలుగా పదకొండు నెలలకి రాసుకుంటారు. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె పట్టుకోవడం మామూలే. కానీ ఆ మాట ముందే కాగితం మీద పెట్టు. తాళాలిచ్చే రోజున గోడలకీ, గీజరుకీ, కుళాయిలకీ ఫొటోలు తీసి ఇద్దరి దగ్గరా ఉంచండి. అడ్వాన్సు వాళ్ళ డబ్బు, ఖర్చు పెట్టేసుకోకు. పదకొండు నెలలు కాగానే వెయ్యి పెంచాలని చెయ్యి దురద పెడుతుంది. వెయ్యి పెంచితే ఏడాదికి 12 వేలు. ఆ కోపానికి వాళ్ళు ఖాళీ చేసి ఇల్లు నెల్లాళ్ళు ఊరికే ఉంటే 18 వేలు పోయినట్టు. బ్రోకరు తీసుకునేది వేరే. ఒకటో తారీఖునే అద్దె వేసేవాళ్ళు దొరికితే ఆ పెంపుదల ఒక ఏడాది మర్చిపో.

మియాపూర్ ఫ్లాటు ఏదైనా నచ్చితే వెంటనే టోకెన్ అడ్వాన్సు ఇచ్చెయ్యకు. ముప్ఫయ్యేళ్ళ ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు, ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్), ఆస్తిపన్ను రశీదు జిరాక్సులు అడుగు. నీ వాటాకి ఎన్ని గజాల స్థలం రాశారో చూడు. ఆ చుట్టుపక్కల కొన్ని సర్వే నంబర్ల మీద ఏళ్ళ తరబడి కేసులున్నాయి. చెరువు నిండితే నీళ్ళు నిలిచే హద్దు (ఎఫ్‌టీఎల్) లోపల పడిందేమో కూడా చూడాలి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక ఎన్ని ఇళ్ళు కూల్చారో టీవీలో చూశావుగా. ఆదివారం ఆ కాగితాలన్నీ పట్టుకుని ఇంటికి రా. నాకు తెలిసిన వకీలొకాయన కూకట్‌పల్లిలోనే ఉంటాడు, పదింటికల్లా ఆయన దగ్గరికి వెళదాం.

మీ బాబాయి