జాడ తెలియనివారికో జెండా

అమ్మలూ,

ఆదివారాలు ఢిల్లీ ఆంధ్రా భవన్‌లో భోంచేస్తున్నానని రాశావు. ఆ నెం. 1, అశోకా రోడ్ గురించే ఈ ఉత్తరం. కాస్త నడిస్తే ఇండియా గేట్, ఆ దాపునే జాతీయ యుద్ధ స్మారకం. వీరమరణం పొందినవాళ్ళ పేర్లు అక్కడ చెక్కి ఉన్నాయి. పోయారో ఉన్నారో తేలనివాళ్ళ గురించే నా బెంగ.

1971 యుద్ధంలో పట్టుబడ్డ సుమారు 93,000 మందిని మనం పాకిస్తాన్‌కు తిరిగి పంపాం. మనవాళ్ళు 54 మంది జాడ మాత్రం తేలలేదు. మా దగ్గర ఎవరూ లేరనే పాకిస్తాన్ అంటూ వచ్చింది. మేజర్ అశోక్ సూరి యుద్ధంలో మరణించాడని మొదట ప్రకటించారు. 1974 డిసెంబరులో ఆయన చేతిరాతతో ఉత్తరం తండ్రికి అందింది! ఆ తర్వాతే ప్రభుత్వం ఆయన్ని ‘జాడ తెలియనివారి’లో చేర్చింది. ఫ్లైట్ లెఫ్టినెంట్ విజయ్ వసంత్ తాంబే భార్య దమయంతి బ్యాడ్మింటన్‌లో జాతీయ చాంపియన్. పెళ్ళయి రెండేళ్ళు నిండకముందే ఆయన విమానం కూలింది. ఆమె ఇన్నేళ్ళుగా అడుగుతూనే ఉంది. 2007లో జాడ తెలియనివారి బంధువులు 14 మంది పాకిస్తాన్ జైళ్ళకు వెళ్ళి, ఒక్కరినీ చూడకుండా తిరిగొచ్చారు. ఆ ప్రయాణం తలుచుకుంటే నాకు అన్నం దిగదు.

మీ బాబాయి ఉండే అమెరికాలో పోస్టాఫీసుల ముందు కూడా ఇలాంటివాళ్ళ కోసం నల్లజెండా ఎగురుతుంది. ఏడాదిలో కొన్ని రోజులకే ఉన్న ఆ నియమాన్ని 2019 చట్టంతో జాతీయ జెండా ఎగిరే రోజులన్నిటికీ పెంచారు. మనకు నల్లజెండా అంటే నిరసన, అది కుదరదు. మువ్వన్నెల జెండా సరసన గానీ, దానికంటే ఎత్తున గానీ మరో జెండా పెట్టకూడదని మన జెండా నియమావళి చెబుతుంది. అది న్యాయమే.

అందుకే భవన్ ఆవరణలో విడిగా, పొట్టి స్తంభం మీద, డిసెంబరు 7 పతాక దినాన మనం చొక్కాకు గుచ్చుకునే ఎరుపు, ముదురు నీలం, లేత నీలం జెండానే ఎగరేయమంటాను. కింద పలక మీద 54 పేర్లూ ఉండాలి. ఆ ఒక్కరోజుకే కాదు, ఏడాది పొడుగునా. భోజనానికి వచ్చే పిల్లలూ, బస చేసే మంత్రులూ అధికారులూ వీళ్ళెవరని అడగాలి.

భవన్ రెసిడెంట్ కమిషనర్‌కు తెలుగులో అర్జీ రాసి దీనితో పంపుతున్నాను. ఇంగ్లీషులోకి నువ్వే మార్చు. ‘54 మంది’ అని సరిపెట్టకుండా హోదాతో సహా ఒక్కొక్కరి పేరూ టైపు చెయ్యి. నీ స్నేహితుల చేత సంతకాలు పెట్టించు. నవంబరులోగా అందాలి.

ఆశీస్సులతో,
తాతయ్య