ఆరోగ్య పాఠం: నీళ్లంటే భయమా?



మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల వాళ్లం మనం మెట్టసీమ బిడ్డలం. సముద్రం మనకు దూరం. చెరువు నిండని సంవత్సరాలూ ఎక్కువే. అందుకే మనలో చాలామందికి ఈత రాదు. సంఘ కుటుంబాలు చెన్నై వెళ్లినప్పుడు పిల్లలు అలల్లోకి పరుగెత్తుతారు, పెద్దలు ఒడ్డున నిలబడి కేకలు వేస్తారు. 2004 డిసెంబరు 26 సునామీని టీవీలో చూసిన వారికి ఆ భయం ఇంకా పోలేదు.

భయపడటం తప్పు కాదు. పేతురు చేపలు పట్టేవాడు, నీళ్లు ఎరిగినవాడు. అయినా గాలిని చూచి భయపడి మునగసాగాడు (మత్తయి 14వ అధ్యాయం). ప్రభువు ముందు చెయ్యి పట్టుకున్నాడు, ఆ తరువాతే మందలించాడు. భయపడేవారికి మనమూ అలాగే చేయాలి.

భయం ఏమి చేస్తుంది?

గాభరాలో ఊపిరి బిగబడుతుంది, గుండె దడదడలాడుతుంది. తల పైకెత్తి చేతులు కొట్టుకుంటాం. తల ఎత్తేకొద్దీ కాళ్లు కిందికి దిగుతాయి. నిజానికి ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటే చాలామంది శరీరం తేలుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది కనుక బావిలో కంటే అక్కడ తేలడం సులువు.

మెల్లగా నేర్చుకుందాం

1. ఇంట్లో వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి, ముఖం ముంచి బుడగలు వదలండి. నీళ్లలో ఊపిరి వదలడం వస్తే సగం భయం పోయినట్లే.

2. ఈత వచ్చిన పెద్దవారి చెయ్యి పట్టుకొని నడుము లోతు నీళ్లలో నిలబడండి. దిగుడు బావులలో నడుముకు బెండ్లు కట్టి నేర్పిన మన తాతల పద్ధతి మంచిదే.

3. వీపు కింద ఒకరు చెయ్యి పెట్టగా వెల్లకిలా తేలండి.

4. తెలుగువారు ఎందరో స్థిరపడిన అండమాన్ దీవులకు వెళితే స్నార్కెలింగ్ చేయవచ్చు. కళ్లకు అద్దం, నోటిలో గొట్టం, ఒంటికి లైఫ్ జాకెట్ పెట్టుకొని, బోర్లా తేలుతూ పగడాలను, రంగురంగుల చేపలను చూడటమే ఇది. ముందు ఒడ్డునే గొట్టంతో నిదానంగా ఊపిరి తీయడం అలవాటు చేసుకోండి. భయమనిపిస్తే వెనక్కి వచ్చేయండి. అందులో సిగ్గు లేదు.

ఎవరినీ వేళాకోళానికి నీళ్లలోకి తోయకండి. ఆ ఒక్క తోపు ఏళ్ల తరబడి భయమై నిలిచిపోతుంది.

జాగ్రత్తలు

భయం పోవాలి గాని జాగ్రత్త పోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారు.

- మూర్ఛ, గుండె జబ్బు, ఆస్తమా, చెవిలో చీము ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి.
- ఎవరూ ఒంటరిగా దిగకూడదు. మద్యం తాగి అసలే దిగకూడదు.
- పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ ఒక పెద్ద చూపు వారి మీదే ఉండాలి.
- ఎవరైనా మునుగుతుంటే ఈత రానివారు దూకవద్దు. తాడో, చీరో, ఖాళీ బిందెో అందించి, సాయం కోసం కేకలు వేయండి.
- నీళ్లు మింగిన తరువాత దగ్గు, ఆయాసం ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మునగబోయిన ఆ పేతురే తరువాత ఒక ఉదయాన ఒడ్డున ఉన్నది ప్రభువని విని, పడవ ఆగేదాకా ఉండలేక సముద్రంలోకి దూకాడు (యోహాను 21వ అధ్యాయం). ఈ సెలవుల్లో మీ ఇంట్లో భయపడే ఒకరికి మీ చెయ్యి అందించండి. దేవుడు మిమ్మును కాపాడును గాక.