పెద్దల చేయి – పిల్లల లెక్క

షోలాపురం, సేలం వంటి చోట్ల స్థిరపడిన మన ఇండ్లలో పిల్లలు మరాఠీ, తమిళ బడులకు పోవుచున్నారు. మంచిదే. కాని పడుగు, పేక, పన్నె, నాడె అను మాటలు తాతల నోటనే మిగిలిపోవుచున్నవి. మాటతోపాటు పనియు పోవును.

తాత నూలును వ్రేళ్ళతో తడిమి 40 నంబరని చెప్పును. 840 గజాల చిలపలు 40 కలిసి ఒక పౌను తూగిన అది 40 నంబరని మనుమడు లెక్క కట్టును. ఇద్దరి మాట ఒకటే, దారులు వేరు.

కావున మేము కోరునది ఇది. పడుగుకు గంజి పెట్టు పని సెలవునాడు పెట్టుకొనుడు. తాత గంజి పదును చూపవలెను. మనుమడో మనుమరాలో పిండి, నీళ్ళ కొలతలు పుస్తకములో వ్రాయవలెను. తప్పు జరిగిన పెద్దలు కసరక మరల చూపవలెను. పిల్లలు సిగ్గుపడక మరల అడుగవలెను. రేపు పిల్లలు వేరు కొలువుకు పోయినను ఆ పుస్తకము ఇంట నిలుచును. తాతతో చనువును నిలుచును.