పట్టణ ప్రజల ఓటు - అంతర్జాల సౌకర్యం

అంతర్జాలం నేడు విలాసవస్తువు కాదు. పాఠాలు, పరీక్షా ఫలితాలు, ఉద్యోగపు దరఖాస్తులు దాని ద్వారానే నడుస్తున్నవి. అట్టి సౌకర్యాన్ని ఊరికి సమకూర్చవలసినది లాభాపేక్ష గల సంస్థలా, పురపాలక సంఘమా? అమెరికాలోని కొలరాడో రాష్ట్రానికి చెందిన లాంగ్‌మాంట్ పట్టణ ప్రజలు ఈ ప్రశ్నకు ఓటు ద్వారా సమాధానమిచ్చిన తీరు పరిశీలింపదగినది.

ఆ పట్టణానికి 1912 నుండి సొంత విద్యుత్ సంస్థ ఉన్నది. 1997లో అక్కడ ఫైబర్ తీగ కూడా వేయబడినది. అయితే దానిలో అధిక భాగం వినియోగానికి రాలేదు. ఓటర్ల ఆమోదం లేనిదే పురపాలక సంఘాలు సాధారణంగా ఇట్టి సేవను అందించరాదని 2005లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసినది. 2009లో లాంగ్‌మాంట్‌లో ఓటింగు జరుగగా ప్రతిపాదన ఓడిపోయినది. కేబుల్ పరిశ్రమ వ్యతిరేక ప్రచారానికి ధారాళంగా ధనం వెచ్చించినది. 2011లోనూ అట్టి ప్రచారమే సాగినప్పటికీ, సుమారు 60 శాతం ఓటర్లు ప్రతిపాదనను ఆమోదించారు. 2013లో 4 కోట్ల 53 లక్షల డాలర్ల ఋణపత్రాలకు కూడా సమ్మతించారు. 2014లో 'నెక్స్ట్‌లైట్' అను పేరుతో సేవ ఆరంభమైనది. తమ వీధికి తీగ వచ్చిన తొలి మూడు నెలలలో చేరినవారికి నెలకు 49.95 డాలర్లకే సెకనుకు ఒక గిగాబిట్ వేగం లభించినది.

అడ్డంకిగా నిలిచిన చట్టమే ప్రజలను చర్చకు పురికొల్పినది. వందకు పైగా కొలరాడో పట్టణాలు, కౌంటీలు ఓటు ద్వారా ఆ నిర్బంధం నుండి మినహాయింపు పొందినవి. తుదకు 2023లో శాసనసభయే ఓటింగు నిబంధనను తొలగించినది.

అయితే పురపాలక సంఘం పూనుకొన్నంత మాత్రాన విజయం తథ్యమని భావింపరాదు. యూటా రాష్ట్రంలోని ప్రోవో పట్టణం ఋణం తెచ్చి ఫైబర్ వ్యవస్థను నిర్మించినది. పట్టణం నేరుగా చందాదారులకు సేవను అమ్ముటకు రాష్ట్ర చట్టం కఠిన పరిమితులు విధించినది. కనుక మధ్య సంస్థలకు టోకుగా ఇచ్చినది. ఆదాయం చాలక, 2013లో ఆ వ్యవస్థను గూగుల్ సంస్థకు ఒక్క డాలరుకు అప్పగించవలసి వచ్చినది. ఋణభారం మాత్రం పురప్రజలపైననే మిగిలినది.

కనుక ఓటు వేయువాడు మూడు విషయాలు విచారించవలెను: ఋణం ఎంత? అది ఏ ఆదాయం నుండి తీరును? నష్టం వచ్చిన ఎవరు భరింతురు? ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్, తెలంగాణ టి-ఫైబర్ రాష్ట్ర ప్రభుత్వాలు చేపట్టిన పథకాలు. వాటి విషయమై పట్టణాలలో ఓటింగు జరుగలేదు. ఈ రెండు మార్గాలలో జవాబుదారీతనం ఎందు అధికమో విద్యార్థులు తరగతిలో చర్చించి, తమ నిర్ణయాన్ని కారణ సహితంగా వ్రాయవలెను.