పూటకూళ్ల ఇంట అప్పగించిన తరువాత

సంఘ పాఠము

చదువవలసిన భాగములు: లూకా 10:30-37; అపొస్తలుల కార్యములు 6:1-7; యోహాను 21:18

పాఠాంశము: మన వృద్ధులను ఇతరుల చేతికి అప్పగించినను, వారిని గూర్చిన లెక్క మన మీదనే యుండును.



మంచి సమరయుని కథ మన సండేస్కూలు పిల్లలకు కూడ తెలియును. దొంగల చేత చిక్కి కొనప్రాణముతో పడియున్న వానిని యాజకుడు చూచి తొలగిపోయెను, లేవీయుడును అట్లే చేసెను. సమరయుడు మాత్రము దగ్గరకు వచ్చి గాయములు కట్టెను. మనము సాధారణముగా ఇక్కడనే ప్రసంగము ముగింతుము. అయితే 35వ వచనమును నెమ్మదిగా చదువుడి. సమరయుడు తన ప్రయాణము మానుకొనలేదు. మరునాడు గాయపడినవానిని పూటకూళ్లవానికి అప్పగించి, రెండు దేనారములిచ్చి సాగిపోయెను. దేనారమనగా ఆ కాలపు కూలివాని ఒక దినపు కూలి (మత్తయి 20:2). వెళ్లుచు అతడు ఒక మాట చెప్పెను. తాను ఈ దారిని తిరిగి వచ్చెదననియు, ఎక్కువైన ఖర్చు ఏదైన నున్న అప్పుడు తీర్చెదననియు చెప్పెను.

అప్పగించుట వలన అతని ప్రేమకు లోటు రాలేదు. తిరిగి వచ్చెదనన్న మాట ఆ ప్రేమను నిలువబెట్టెను. నేటి పాఠము ఆ మాటను గూర్చినదే.

1. మన యింటి సంగతి

మన గ్రామములలో అనేకుల బిడ్డలు హైదరాబాదుకో, బెంగుళూరుకో, గల్ఫు దేశములకో పనికి పోయిరి. ఇంట మిగిలినది తల్లియో తండ్రియో. పక్షవాతము వచ్చి మంచము పట్టినను, మతిమరపు ముదిరి అర్ధరాత్రి వీధిలోనికి నడచిపోవుచున్నను, ఒక్క కోడలి చేత ఆ సేవ సాగదు. అట్టి కుటుంబములు వృద్ధాశ్రమమును వెదకుచున్నవి. మన పట్టణములలో నర్సింగు హోమని బోర్డు కట్టునది చాలమట్టుకు చిన్న ప్రైవేటు ఆసుపత్రి. రోగము కుదిరిన తరువాత అక్కడనుండి ఇంటికి వత్తుము. ఇక్కడ మనము చెప్పుకొనునది పెద్దలు బహుకాలము ఉండి సేవ పొందు చోటును గూర్చి.

అట్లు చేర్చుట పాపమా అని పలువురు అడుగుచున్నారు. దేవునికి అర్పించితిమను సాకుతో తల్లిదండ్రులకు చేయవలసినది మానినవారిని ప్రభువు గద్దించెను (మార్కు 7:9-13). స్వంత ఇంటివారిని చూడనివాడు విశ్వాసమును వదలినవాడని పౌలు తిమోతికి వ్రాసెను (1 తిమోతి 5:8). ఆ మాటలను మనము తేలిక చేయరాదు. అయినను యేసు ప్రభువే సిలువమీద నుండి తన తల్లిని శిష్యునికి అప్పగించెను (యోహాను 19:26, 27). ఆయన ఎవరికి అప్పగించెను? అందరు పారిపోయిన వేళ సిలువ యొద్ద నిలిచియున్న వానికి. ఆయన మనుష్యుని ఎరిగి అప్పగించెను. మనమును ఎరిగి అప్పగించుచున్నామా? అప్పగించిన తరువాత తిరిగి వెళ్లి చూచుచున్నామా?

2. నేను చూడని వెనుక గది

ఈ సంగతి వ్రాయుటకు నాకు సిగ్గుగా నున్నది. తుంటి ఎముక విరిగి మంచము పట్టిన మా పెద్దమ్మను, అన్నదమ్ములము కూడి మాటలాడుకొని ఒక పట్టణములోని ఆశ్రమమున చేర్చితిమి. దాని ముందు గది అద్దమువలె నుండెను. గోడకు వాక్యపు క్యాలెండరు, బల్లమీద పూలు. నేను మూడుమారులు వెళ్లితిని, ప్రతిమారును ముందుగా ఫోను చేసి వెళ్లితిని. మూడుమారులును ఆమెకు తల దువ్వి, ఉతికిన చీర కట్టి, చక్రాల కుర్చీలో ముందు గదికి తెచ్చిరి. నేను ఒక కీర్తన చదివి, ప్రార్థన చేసి, పండ్లు చేతికిచ్చి వచ్చితిని.

నాల్గవమారు నా భార్య చెప్పకుండ వెళ్లెను. తిన్నగా వెనుక గదికి నడచి, దుప్పటి తీసి, పెద్దమ్మను ప్రక్కకు త్రిప్పి చూచెను. నడుము క్రింద అరచేయంత పుండు. దుర్వాసన వచ్చుచుండెను.

"ఆయన వచ్చినప్పుడు ఎందుకు చెప్పలేదు, పెద్దత్తమ్మా?" అని అడుగగా, "వాడు ప్రార్థన చేసి బస్సు అందుకోవాలి గదమ్మా" అని ఆమె జవాబిచ్చెనట.

యాజకుడు గాయమును చూచి తొలగిపోయెను. నేను గాయమును చూడక, దాని ప్రక్కనే కూర్చుండి ప్రార్థన చేసి పోయితిని. ఆమెను ఇంటికి తెచ్చితిమి. ఆ పుండు మానుటకు 5 నెలలు పట్టెను.

3. ఏమేమి చూడవలెను?

అమెరికా దేశమున ప్రభుత్వపు సొమ్ము పొందు నర్సింగు హోములకు 2008 డిసెంబరు నుండి 1 మొదలు 5 వరకు నక్షత్రములు ఇచ్చుచున్నారు. తనిఖీదారులు చూచినదేమి, సిబ్బంది ఎంతమంది, అక్కడివారి ఆరోగ్యము ఎట్లున్నది అను మూడు సంగతులను బట్టి ఆ లెక్క కట్టుదురు. మొదట సిబ్బంది లెక్క ఆ హోములు చెప్పుకొనినదే. 2018 నుండి జీతముల పట్టీలను ఆధారము చేసికొనిరి. చెప్పుకొను మాటకును ఉన్న సంగతికిని భేదముండునని వారును నేర్చుకొనిరి. మన ఊరి కుటుంబము తెరచి చూచుటకు అట్టి నక్షత్రముల పట్టిక మనకు లేదు. కాబట్టి మన కన్నులే తనిఖీదారులు. ఆ మూడింటిని మనమును చూడవచ్చును.

(అ) శరీరమును చూడుడి. సమరయుడు నూనెయు ద్రాక్షారసమును పోసి గాయములు కట్టెను, అనగా చేతితో తాకెను. తనంతట తాను కదలలేని వానిని సుమారు 2 గంటలకొకమారు ప్రక్కకు త్రిప్పవలెను. లేనియెడల ఎముక ఒత్తిన చోట రక్తము ఆడక చర్మము చచ్చి పడకపుండు పడును. నడుము క్రింది భాగము, తుంటి, మడమలు, భుజముల వెనుకప్రక్క చూడుడి. తెల్లని చర్మము మీద మొదటి గుర్తు ఎర్రని మచ్చ. మన నల్లని చర్మము మీద ఆ ఎరుపు కనబడకపోవచ్చును. ఆ చోట మరింత నలుపెక్కినను, చేతికి వేడిగాగాని గట్టిగాగాని తగిలినను అది హెచ్చరిక. నాలుక ఎండియున్నదా, నీళ్ల చెంబు చేతికి అందునంత దూరములో నున్నదా చూడుడి. ముసలితనమున దాహము తెలియదు. నెలకొకమారు బరువు తూచి వ్రాయుచున్నారా అని అడుగుడి. ఒక్క నెలలో నూటికి 5 వంతులు, అనగా 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గినయెడల, వెంటనే వైద్యునికి చూపవలెను.

(ఆ) పనివారిని చూడుడి. "మీ యొద్ద ఎంతమంది పనివారున్నారు?" అని అడిగిన చాలదు. "రాత్రి ఎంతమంది?" అని అడుగుడి. లెక్క వేయుదము. మంచము పట్టినవారు 10 మంది ఉన్నారనుకొనుడి. రాత్రి 8 గంటలు మొదలు ఉదయము 6 వరకు ఒక్కొక్కరిని 5 మారులు త్రిప్పవలెను. మొత్తము 50 మారులు. త్రిప్పుట, తుడుచుట, గుడ్డ మార్చుట కలిసి మారునకు 10 నిమిషములైనను 500 నిమిషములగును, అనగా 8 గంటల 20 నిమిషములు. ఒక్క ఆయా ఉన్నచోట ఆ పని జరుగుచున్నదని చెప్పినను నమ్మవద్దు. ఆమె చెడ్డదని కాదు, ఆమెకు ఉన్నవి రెండే చేతులు.

మందులిచ్చునది ఎవరో తెలిసికొనుడి. ఏ.ఎన్.ఎం. చదువు 2 సంవత్సరములు, జి.ఎన్.ఎం. 3 సంవత్సరములు. తెల్లచీర కట్టిన ప్రతి స్త్రీయు నర్సు కాదు. ఇన్సులిను ఏ వేళ ఇచ్చిరో పుస్తకములో వ్రాయబడి యుండవలెను. పనివారు ఎంతకాలము నుండి ఉన్నారు, జీతము నెలనెలా అందుచున్నదా అనియు మెల్లగా విచారింపుడి. కూలివారి జీతము బిగబట్టిన ఇంటిని గూర్చి యాకోబు ఏమి వ్రాసెనో (యాకోబు 5:4) మనకు తెలియును. వారానికొక క్రొత్త ముఖము కనబడు చోట ముసలివారి అలవాట్లు ఎవరికిని తెలియవు. 1859లో వెలువడిన తన నర్సింగు పుస్తకములో ఫ్లారెన్స్ నైటింగేల్ ఒక అధ్యాయమంతయు ఈ సంగతికే కేటాయించెను: తానున్నప్పుడు జరుగు పని తాను లేనప్పుడును జరుగునట్లు ఏర్పాటు చేయుటయే మంచి పరిచారకురాలి గుర్తు.

(ఇ) పెద్దల మాట వినుడి. ముసలితనమున వేరొకడు తనకు నడుము కట్టి, తనకిష్టము లేని చోటికి తీసికొనిపోవునని ప్రభువు పేతురుతో చెప్పెను. చాకిరి చేయువారి చేతిలో ప్రతి వృద్ధుడును పేతురే. అతని చేతులు మంచపు కోళ్లకు కట్టియున్నారా? మణికట్టు మీద గుర్తులున్నవా? పగలు ఎప్పుడు చూచినను మత్తుగా నిద్రించుచున్నాడా? గొడవ చేయకుండ నిద్రమాత్రలు మింగించుట కూడ కట్టివేయుటయే. స్నానము చేయించునప్పుడు తలుపు మూయుచున్నారా? పేరు పెట్టి, వరుస పెట్టి పిలుచుచున్నారా? భోజనపు వేళ వెళ్లి చూడుడి. అన్నము ఎదుట పెట్టి పోవుదురా, చేయి వణకువానికి తినిపించుదురా? పనివారు లేని చోట పెద్దలతో ఒంటరిగా మాటలాడుడి. మీ బస్సు వేళను వారికి తెలియనియ్యవద్దు.

4. సణుగు వినబడినప్పుడు

యెరూషలేము సంఘములో దినదిన పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూచుచున్నారని కొందరు సణిగిరి. అపొస్తలులు వారి నోరు మూయించలేదు. సంఘమంతటిని పిలిచి, మంచి పేరును జ్ఞానమును గల ఏడుగురిని ఆ పనికి నియమించిరి. ఫిర్యాదును విని, మనుష్యులను సరిచేసిరి. ఆశ్రమమును చూడబోయినప్పుడు, ఫిర్యాదు వచ్చిన మీరేమి చేయుదురని యజమానిని అడుగుడి. "మా యొద్ద ఫిర్యాదులే రావు" అను జవాబు కంటె, "పోయిన నెల ఇది వచ్చినది, ఇట్లు సరిచేసితిమి" అను జవాబు మంచిది.

మాట వినని చోట మౌనముగా నుండవద్దు. వృద్ధుల కొరకు దేశమంతట 14567 అను ఉచిత ఫోను నంబరు కలదు. జిల్లాలో వయోవృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయమున వ్రాసి ఇయ్యవచ్చును. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టము ప్రకారము 60 ఏండ్లు దాటినవారు పోషణ కొరకు ఆర్.డి.ఓ. యొద్ద అర్జీ పెట్టుకొనవచ్చును. తమ సంరక్షణలో నున్న వృద్ధుని పూర్తిగా విడిచిపెట్టు ఉద్దేశముతో ఎక్కడనైన వదలి పోవువారికి 3 నెలల వరకు ఖైదుగాని, 5,000 రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చునని అదే చట్టము చెప్పుచున్నది. రాజు శాసనము ఇంత చెప్పగా ప్రభువు ప్రజలు ఇంకెంత చేయవలెను!

5. సంఘము చేయదగినది

మన సంఘపు వృద్ధులెవరైన ఆశ్రమములో నున్నయెడల, నెలకు ఇద్దరు వెళ్లుదురు గాక; వారిలో ఒకరు స్త్రీ కావలెను. ఒక నెల ఉదయము, ఒక నెల సాయంకాలము, చెప్పకుండ వెళ్లుడి. చిన్న నోటుపుస్తకములో బరువు, చర్మము, ఆనాడు పనిలో నున్నవారు, పెద్దలు చెప్పిన మాట వ్రాసి కుటుంబమునకు తెలుపుడి. మంచి సేవ కనబడినప్పుడు ఆ ఆయాను పేరు పెట్టి మెచ్చుకొనుడి. కుటుంబములు నెల రుసుమును ఆలస్యము చేయరాదు. సమరయుడు ముందుగానే ఇచ్చెను. ప్రక్క మంచము మీద ఎవరును రాని వృద్ధురాలుండిన, ఆమె వీపును కూడ చూచి రండి. ఆమె ఏ మతము వారని సమరయుడు అడుగడు.

చర్చించుకొనవలసిన ప్రశ్నలు

1. మన సంఘములో మంచము పట్టిన వృద్ధులెందరు? ఇంట నున్నను, ఆశ్రమమున నున్నను, వారిని కడపట ఎవరు, ఎప్పుడు చూచిరి?
2. ఇంటిలో సేవ చేయుచున్న కోడలికో కుమార్తెకో వారమునకు ఒక పూట విశ్రాంతి ఇచ్చుటకు ఎవరు ముందుకు వత్తురు?
3. అపొస్తలుల కార్యములు 6:3లో పనివారికి చెప్పబడిన లక్షణములను ఒక ఆశ్రమములో ఎట్లు గుర్తించగలము?

ప్రార్థన

ప్రభువా, నీవు కుష్ఠరోగిని చేయి చాపి ముట్టితివి. మేము ముందు గదిలోనే ప్రార్థించి తిరిగి వచ్చిన దినములను క్షమించుము. దుప్పటి తీసి చూచు ధైర్యమును, అడుగుటకు నోటిని, తిరిగి వెళ్లుటకు పాదములను మాకు దయచేయుము. రాత్రివేళ ఒంటరిగా మేలుకొని మా పెద్దలను ప్రక్కకు త్రిప్పుచున్న చేతులను బలపరచుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.